నొప్పి తగ్గకూడని గుంపు

నాకింకా పాతికేళ్లు నిండని ఆ కాలంలో, మన పేరు ఒక్కసారి ఏదైనా జర్నల్లో అచ్చయితే చాలు, మిగతా జీవితం దానంతటదే దారిన పడిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. ఫిజియోథెరపీలో పీజీ అప్పుడే పూర్తిచేసి గౌలిపురలో ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. పొద్దున్నే జల్‌పల్లిలో షేర్ ఆటో ఎక్కి, ముగ్గురి సీట్లో ఐదుగురి మధ్య ఇరుక్కుని, క్లినిక్ చేరేసరికి నా నడుముకే ముందు వైద్యం కావాల్సి వచ్చేది. అంత చదువు చదివి, తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని మరీ వేసుకుని కూర్చుంటే, ఆ గల్లీల ఆడవాళ్లు నాకు పెట్టిన పేరు 'కరెంటు డాక్టరమ్మ'. (నొప్పి ఉన్నచోట ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపే మెషీన్ ఒకటి ఉంటుంది. నా చదువంతా ఆ స్విచ్చి వేయడానికేనని వాళ్ల లెక్క.) ఎక్సర్‌సైజ్ నేర్పిస్తాను రమ్మంటే "గవన్నీ ఇంట్ల చేసుకుంటంలే గని, జర కరెంటు పెట్టు బిడ్డా" అనేవారు. ఇంట్లో ఎవరూ చేసుకునేవారు కాదని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

అలాంటి సమయంలో నేను చదువుకున్న కాలేజీలోనే లెక్చరర్ పోస్టు ఒకటి పడింది. నాకు ఆ పోస్టు ఎంత కావాలో చెప్పలేను. క్లాసులో నిలబడి పాఠం చెప్పాలి, పిల్లలు 'మేడమ్' అనాలి, కరెంటు అనే మాట ఇక నా చెవిన పడకూడదు. అయితే ఒక షరతు పెట్టారు. ఇంటర్వ్యూ నాటికి ఏదైనా ఫిజియోథెరపీ జర్నల్ మన పేపర్‌ను అచ్చువేస్తామని ఒప్పుకుని ఉండాలి. నా దగ్గర పేపర్ కాదు కదా, పేపర్‌కు పనికొచ్చే ఆలోచన కూడా లేదు. వెళ్లి రీసెర్చ్ అన్నను పట్టుకున్నాను. ఈయన నాకంటే నాలుగేళ్లు సీనియర్, ఆ కాలేజీలోనే పనిచేసేవాడు. పేపర్లు ఎడాపెడా అచ్చు వేయిస్తాడని మేమంతా ఆ పేరుతో పిలిచేవాళ్లం. నా గోడంతా విని, చాయ్ సాసర్లో పోసుకుంటూ చాలా తేలిగ్గా చెప్పాడు.

"గిదేం పెద్ద కతనే చెల్లె? ముప్పై మందిని తీస్కో. సగం మందికి ఎక్సర్‌సైజ్ నేర్పు, సగం మందికి నేర్పకు. ఎన్మిది వారాలైనంక కొలువు. నేర్పినోళ్లకు తగ్గుతది, నేర్పనోళ్లకు తగ్గది. రాసి పంపు. ఫికర్ జెయ్యకు."

ముప్పై మంది మోకాళ్ల నొప్పుల ఆడవాళ్లను పట్టుకోవడం గౌలిపురలో కష్టమేమీ కాదు. నగరం నడుమ పాత పాలవాళ్ల బస్తీ అది, బర్రెలున్న ఇళ్లు అక్కడ ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. పొద్దున సాయంత్రం గొంతుక్కూర్చుని పాలు పితికీ, పేడ ఎత్తీ, అరవై దాటేసరికి ఆ మోకాళ్లు మొరాయిస్తాయి. వాళ్లందరికీ పెద్ద దిక్కు పాలవ్వ. డెబ్బై ఏళ్ల మనిషి, ఆరు బర్రెలు, గల్లీ ఈ చివర పిలిస్తే ఆ చివర వినపడే గొంతు. ఆమె ఊ అంటే గల్లీ అంతా ఊ అన్నట్టే. కాబట్టి ముందు ఆమె కొట్టానికి వెళ్లి, బర్రె తోక దెబ్బలు తప్పించుకుంటూ, నా పరిశోధన గురించి వివరించాను. ఆమె పాలు పితకడం ఆపకుండానే విని, "నీ నౌకరి కోసం అంటున్నవ్ గద, మరి అట్ల చెప్పు. గంత తిప్పి చెప్తవేంది?" అంది.

అయినా ఊ అంది, గల్లీ ఆడవాళ్లు వచ్చారు. రావడమే కాదు, లొల్లి కూడా వెంట తెచ్చారు. పరిశోధనలో చేరేవాళ్లు ఇష్టపూర్వకంగా చేరుతున్నామని కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం అనగానే క్లినిక్ గప్‌చుప్ అయిపోయింది. "గీ కాయితంల ఇల్లు గిట్ల రాపిచ్చుకుంటలేవు గద?" అని ఒకామె సూటిగానే అడిగింది. ఆ గండం గట్టెక్కాక నొప్పి ఎంతుందో అంకెలో చెప్పమన్నాను, సున్నా అంటే అసలు లేనట్టు, పది అంటే భరించలేనట్టు. అందరూ పది అన్నారు. నవ్వుతూ, పక్కామెతో కోడలి ముచ్చట చెబుతూ పది. అదేంటమ్మా అంటే, "మేం పది అంటే నువ్వు ఎట్లయిన రెండు తగ్గించి రాస్తవ్ గద" అన్నారు. బజారులో బేరమాడినట్టు ఒక్కొక్కరితో బేరమాడి ఏడు, ఎనిమిది, తొమ్మిది దగ్గర ఖాయం చేసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ముప్పై మందిలో నీళ్ల పెద్దమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి ఆమెనే పిలిచేవారు. చిన్న పీట వేసుకుని, రెండు కాళ్లూ ముందుకు చాపి, పసిబిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి వేడినీళ్లు పోయడం ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదనేవాళ్లు. అయితే రెండేళ్లుగా మోకాళ్లు పూర్తిగా సాగడం లేదు. పీట మీద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. ఇప్పుడు పిల్లల నీళ్లకు వేరే ఎవరినో పిలుస్తున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె అంకె గురించి బేరమాడలేదు. "తొమ్మిది రాస్కో బిడ్డా" అని ఊరుకుంది.

ఎవరు ఏ గుంపో నా ఇష్టప్రకారం పెట్టకూడదు, చీటీ తీయాలి. స్టీలు డబ్బాలో చీటీలు వేసి ఊపాను. పాలవ్వకు ఎక్సర్‌సైజ్ గుంపు వచ్చింది. నీళ్ల పెద్దమ్మకు రెండో గుంపు, అంటే మామూలు కాపడం, కరెంటు, అంతే. ఎనిమిది వారాలు అయ్యాక వాళ్లకూ నేర్పిస్తానని చెప్పాను కానీ, ఆమె చీటీని మడిచి కొంగుకు కట్టుకున్న తీరు చూసి నాకు మనసు చివుక్కుమంది. పరిశోధన అంటే అంతే మరి, గుండె రాయి చేసుకోవాలి అనుకున్నాను. (గుండె రాయి చేసుకోవడంలో నాకున్న అనుభవమల్లా పరీక్షల ముందు టీవీ చూడకుండా ఉండటమే.) మొదటి గుంపు వాళ్లను పక్క గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, నేర్చుకున్నది రెండో గుంపులో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయమన్నాను. దేవుడి మీద వద్దంది పాలవ్వ, మంచిది కాదని. చివరికి బర్రె మీద ఒట్టు వేశారు, పదిహేను మందీ. బర్రెలు లేనివాళ్లు పాలవ్వ బర్రెల మీద వేశారు.

ఆ ఎనిమిది వారాలు నేను గాల్లో తేలాను. మొదటి గుంపు ఎంత శ్రద్ధగా చేసేదో నమ్మలేం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదిమిపట్టడం, కాలు వంచకుండా లేపి పది లెక్కపెట్టడం, అన్నీ పొల్లుపోకుండా చేసి చూపించేవారు. రెండో గుంపు వాళ్లు మాత్రం కాపడానికి రావడం రానురాను తగ్గించేశారు. నొప్పి తగ్గక విసుగొచ్చి ఉంటుంది పాపం అని నోట్సులో రాసుకున్నాను. ఇంకా సిగ్గులేని సంగతి ఒకటుంది. కొలతలు తీయకముందే పేపర్ దాదాపు మొత్తం రాసిపెట్టాను. ఫలితాలు, ముగింపు, ఈ ఎక్సర్‌సైజ్‌లు ఎంత అద్భుతమో అంతా రాసి, అంకెలు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టుకున్నాను. జర్నల్ వాళ్ల నియమాలు ఇరవై పేజీలు ఉంటే ప్రింటు తీసి బట్టీ కొట్టాను. రిఫరెన్సులో ఇంటిపేరు తర్వాత కామా పెట్టాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్న మనిషిని, గల్లీలో ఏం జరుగుతోందో రెండు నిమిషాలు కనుక్కోలేదు.

చివరి కొలతల రోజు మొదటి గుంపు అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. మర్నాడు రెండో గుంపు. ముందుగా నీళ్ల పెద్దమ్మ. బల్ల మీద కాళ్లు చాపమన్నాను. చాపింది. మోకాలు ఎంత వంగుతుందో, ఎంత సాగుతుందో కొలిచే ప్లాస్టిక్ స్కేలు ఒకటి మా దగ్గర ఉంటుంది, గోనియోమీటర్ అంటారు. పెట్టి చూస్తే ఆమె మోకాలు బల్లకు ఆనుకుని తిన్నగా ఉంది. మళ్లీ పెట్టాను. అంతే. స్కేలు పాడైందేమోనని నా మోకాలికి పెట్టి చూసుకున్నాను. ఆ కంగారులో అది కాస్తా చేతిలోంచి జారి బల్ల కిందికి పోయింది. నేను వంగేలోపు ఆమె గబుక్కున దిగి, గొంతుక్కూర్చుని, బల్ల కిందికి చెయ్యి పెట్టి తీసి, ఏ ఆసరా లేకుండా లేచి నా చేతికిచ్చింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల తినకుండ వచ్చినవా?" అంది.

"నొప్పి ఎంతుంది పెద్దమ్మా?"

"గెక్కడి నొప్పి? ఏదో ఒకటో, రెండో."

"జర సోచాయించి చెప్పు. పొద్దున లేవంగనే? మెట్లెక్కేటప్పుడు? కొంచెం గూడ నొస్తలేదా?"

"లేదే."

ఒక డాక్టరు తన పేషెంటును నొప్పి ఉందని చెప్పమని బతిమాలడం గౌలిపుర చరిత్రలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆమె తర్వాత వచ్చిన వాళ్లదీ అదే వరుస. రెండు, ఒకటి, రెండు, సున్నా. మోకాళ్లన్నీ తిన్నగా, నున్నగా. నా ముఖం మాడిపోతుంటే వాళ్లేమో నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎలా తగ్గిందమ్మా అని అడిగితే మాత్రం ఒక్కరు నోరు విప్పలేదు. "అంత నీ చేతి చలువ" అన్నారు. నేను చేసిందల్లా కాపడం పెట్టడం, అది కూడా వాళ్లు వచ్చిన రోజుల్లో.

ఆ సాయంత్రం పాలు పితకడం అయ్యే వేళకు పాలవ్వ కొట్టానికి వెళ్లాను. లోపలి నుంచి "ఏక్, దో, తీన్" అని లెక్క వినపడుతోంది. తొంగిచూసి అక్కడే నిలబడిపోయాను. గోడ వారగా గోనెసంచులు పరిచి, నా రెండు గుంపులూ కలిసి ఒకే వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. ఎవరి మోకాలి కింద వాళ్లకు పాత చీర చుట్ట. పాలవ్వ చేతిలో బర్రెలను అదిలించే కట్టె పట్టుకుని, కాలు వంగినవాళ్ల మీద అరుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. పక్కన ఆరు బర్రెలు తీరిగ్గా నెమరేస్తూ చూస్తున్నాయి. నన్ను చూసి లేచిన కాళ్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి.

"అవ్వా, బర్రె మీద ఒట్టేసినవ్ గద!" అన్నాను.

"ఏసిన. తప్పలే. నేనెవలికి చెప్పలే బిడ్డా. కొట్టంల కూసోని నా పని నేను చేసిన. వాళ్లకు కండ్లున్నయి, చూసిండ్రు."

"మరి గా లెక్క?"

"లెక్క పెట్టుకునుడు చెప్పుడెట్లయితది?"

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అక్కడే నిలబడి, రెండో గుంపుకు నొప్పి తగ్గకపోతేనే మొదటి గుంపుకు ఎక్సర్‌సైజ్ వల్ల తగ్గిందని తెలుస్తుందనీ, ఇప్పుడు నా పేపర్ మట్టిలో కలిసిందనీ, పోస్టు కూడా పోయినట్టేననీ, మొత్తం వెళ్లగక్కాను. పాలవ్వ కట్టె పక్కన పెట్టింది. నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా మాట్లాడింది.

"చూడు బిడ్డా. మా గల్లీల బర్రె ఈనితె జున్నుపాలు ఇంటింటికి పోతయి. మాట్లాడనోళ్ల ఇంటికి గూడ పోతయి. సగం గల్లీకి పంపి సగం గల్లీకి పంపకుంట ఉంటమా? పక్కింటామె రాత్రంత మోకాలు పట్టుకోని మూలుగుతుంటె, నాకు తెలిసింది దాచుకోని కూసోమంటివి. ఎన్మిది వారాలు ఎట్ల దాచుకోవాలె?"

నేను బట్టీ కొట్టిన ఇరవై పేజీల నియమాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. కోపం మాత్రం ఉంది, దాన్ని తీసుకుని వెళ్లిపోదామని తిరిగితే నీళ్ల పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల మూలమీది ఇంటికి రా, ఒక్కపారి చూద్దువు" అంది. వెళ్లకూడదనే అనుకున్నాను, తెల్లారి కాళ్లు అటే పోయాయి. ఆ ఇంటి వాకిట్లో ఆమె పీట వేసుకుని కూర్చుని ఉంది. కాళ్లు రెండూ ముందుకు చాపింది, తిన్నగా. వాటి మీద నెల కూడా నిండని ఆడపిల్ల. నూనె రాసి, చేతులూ కాళ్లూ సాగదీసి, చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే ఆ పిల్ల గల్లీ ఎగిరిపోయేలా ఏడ్చి, తల తుడిచేసరికి నిద్రలోకి జారుకుంది. పెద్దమ్మ పిల్లను తల్లి చేతికిచ్చి లేచి నిలబడి, నా వైపు చూసి, చూశావా అన్నట్టు కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు సంతోషమే వేసింది. మరుక్షణమే ఇంటర్వ్యూ ఇంకో రెండు నెలలే ఉందని గుర్తొచ్చింది.

రీసెర్చ్ అన్నకు చెబితే పడిపడి నవ్వాడు. నవ్వడం అయ్యాక, "గింత దానికి పరేషాన్ ఎందుకే? రెండో గుంపోళ్ల పాత అంకెలే మళ్ల కొత్త అంకెల జాగల రాసెయ్, జర అటిటు చేసి. ఏ జర్నలోడన్న గౌలిపురకొచ్చి ముసలమ్మల మోకాళ్లు కొలుస్తడా?" అన్నాడు. నేను వద్దన్నానని రాస్తే బాగుంటుంది. నేను వద్దనలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ ఖాళీగా ఉన్నప్పుడు లాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఆ గల్లీలో తగ్గిన నొప్పులన్నీ ఒక్కొక్కటిగా తిరిగి తెప్పించడం మొదలుపెట్టాను. పరిశోధనలో పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. నంబరు వేస్తే ముఖం గుర్తురాదు, అందుకే అంత ధైర్యం. పదహారో నంబరుకు రెండు తీసి ఎనిమిది పెట్టాను. పదిహేడుకు ఒకటి తీసి ఏడు. చెయ్యి అలవాటు పడిపోయింది, చకచకా పోతోంది. ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. నంబరు వేసినా ఆమె ఎవరో నాకు తెలుసు. అక్కడ తొమ్మిది పెడితే ఆమె కాలు చాపలేకపోతోందని రాయాలి. చాపలేకపోతోందంటే ఆ పొద్దున ఆ పిల్లకు నీళ్లు ఎవరు పోసినట్టు? నేను కళ్లారా చూసింది జరగలేదని, నా పేరు పెట్టి, అచ్చువేయించాలి. చేయలేకపోయాను. గొప్ప నీతి ఏదో నాలో మేల్కొందని కాదు, నిజంగానే చెయ్యి కదల్లేదు. మార్చిన అంకెలన్నీ వెనక్కి పెట్టి, లాప్‌టాప్ మూసి, కాసేపు కరెంటు మెషీన్ తుడుస్తూ కూర్చున్నాను.

తర్వాత పేపర్ మొత్తం తిరగరాశాను. జర్నల్ వెబ్‌సైట్‌లో పంపే రోజున ఇంకో పరీక్ష ఎదురైంది. ఒక పేజీ తర్వాత ఒక పేజీ నింపుకుంటూ వెళ్తే, చివర్లో ఒక గడి ఉంది. ఒక గుంపు నేర్చుకున్నది ఇంకో గుంపుకు తెలియకుండా ఏ జాగ్రత్తలు తీసుకున్నారో వివరించాలి. ఖాళీ వదిలితే పేజీ ముందుకు కదలదు, ఎర్ర అక్షరాలతో గద్దిస్తుంది. నాలుగుసార్లు గద్దించుకున్నాక, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాననీ, ఆ ఒట్టు మాట వరకు ఎవరూ తప్పలేదనీ, గుంపులు రెండూ ఒకే గల్లీ మనుషులు కావడం వల్ల, వాళ్లలో ఒక పెద్దావిడ పూనుకుని రోజూ అందరి చేతా చేయించడం వల్ల అందరికీ తగ్గిందనీ రాశాను. (బర్రెల సంగతి రాయలేదు. అంత ఇంగ్లీషు నాకు రాదు.) బటన్ నొక్కి, ఇంటికెళ్లి, అమ్మ అడిగితే పంపించేశానని మాత్రం చెప్పి పడుకున్నాను.

నెలన్నరకు జవాబు వచ్చింది. తిరస్కరించారు. పేపర్‌ను చదివిన ఇద్దరి అభిప్రాయాలూ కింద జతచేశారు. మొదటాయన, రెండు గుంపులకూ ఒకే వైద్యం జరిగింది కాబట్టి ఇందులో పోల్చడానికేమీ లేదని తేల్చాడు. నిజమే, కాదనడానికి లేదు. రెండో వారు ఆయనో ఆవిడో తెలియదు, రెండు వాక్యాలే రాశారు. "చెప్పినా ఇంట్లో ఎక్సర్‌సైజ్ చేయరని మనమంతా వాపోతుంటామే, ఇంతమంది చేత అన్ని వారాలు మానకుండా చేయించిన ఆ పెద్దావిడ ఎలా చేయించిందో ఈ పేపర్లో ఎక్కడా లేదు. నేను చదవాలనుకున్నది అదే." ఇది చదివి తెల్లబోయాను. కళ్లెదురుగా ఉన్నది వదిలేసి, నేను కామాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను కదా అనిపించింది. అయితే తెలివి వచ్చేసరికి ఇంటర్వ్యూ కూడా వచ్చేసింది. ఒప్పుకున్న పేపర్ లేదన్నాను. వాళ్లు మర్యాదగానే మంచినీళ్లు ఇచ్చి పంపించారు. పోస్టు ఇంకొకరికి వచ్చింది.

గల్లీలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. కానీ పాలవ్వ నా ముఖం చూసి ఊరుకునే మనిషా? కొట్టంలో కూర్చోబెట్టి అడిగి అడిగి కక్కించింది. విన్నాక అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"అంటే," అంది పాలవ్వ చివరికి, "మాకు నయమైనందుకా బిడ్డా, నీకు నౌకరి రాలేదు?"

అలా కాదు అవ్వా అని మొదలుపెట్టాను. ఎలాగో చెప్పలేకపోయాను, ఎందుకంటే ఎలా తిప్పి చెప్పినా సంగతి అదే. ఇంతలో నీళ్ల పెద్దమ్మ ముందుకు జరిగి, నా మోకాలి మీద చెయ్యి వేసి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించింది.

"నొప్పున్నదనే రాస్కో బిడ్డా. మేం గట్లనే చెప్తం. ఎవలన్న కొలువనీకి వస్తే నేను కాలు చాపనే చాపను. నీ నౌకరి నీకు రానీ."

మిగతావాళ్లంతా తలలూపారు. ఒకామె అయితే అప్పటికప్పుడు మోకాలు పట్టుకుని మూలిగి కూడా చూపించింది, బాగుందా అన్నట్టు. నేను నవ్వబోయాను, నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. నౌకరి పోయినందుకు ఏడుస్తున్నానని వాళ్లు నా వీపు నిమిరారు. ఆ అబద్ధం నేను అప్పటికే సగం రాసి చెరిపేశానని వాళ్లకు చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు అక్కడ పనిచేసినా చెప్పడానికి నోరు రాలేదు. నా నౌకరి కోసం నేను వాళ్ల నొప్పిని దొంగతనంగా రాసుకోబోయాను. అదే నొప్పిని, అదే నౌకరి కోసం, వాళ్లు అడగకుండానే ఇవ్వబోయారు.

తర్వాత ఇంకో పేపర్ రాశాను, ఇంకో కాలేజీలో లెక్చరర్‌ను అయ్యాను, పిల్లలు మేడమ్ అంటున్నారు, అదేమంత గొప్పగా లేదని కూడా తెలిసింది. ఇప్పుడు జర్నళ్ల వాళ్లు అప్పుడప్పుడు నాకే పేపర్లు పంపి అభిప్రాయం అడుగుతుంటారు. ఒక గుంపుకు చక్కగా తగ్గి, ఇంకో గుంపుకు బుద్ధిగా తగ్గకుండా ఉన్న పేపర్ వస్తే, ఆ రెండు గుంపుల వాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయని ఒక ప్రశ్న తప్పకుండా పెడతాను. రాసిన పిల్లలకు చిరాకు వస్తుందని తెలుసు. ఆనాటి ఆ తెల్లకోటు పిల్ల పేపర్ ఇవాళ నా బల్ల మీదికే వస్తే నేనూ తిప్పి పంపేదాన్నే, ఆ మొదటాయన చెప్పిందాంట్లో తప్పు లేదు. కాకపోతే పంపే ముందు ఒకసారి ఆ పిల్లకు ఫోన్ చేసి, పాలవ్వ కొట్టంలోని సాయంత్రం వరుసలో నాకూ కాస్త చోటు ఉంచమని అడిగేదాన్ని. ఈ మధ్య మెట్లు దిగుతుంటే నా ఎడమ మోకాలు గుంజుతోంది, ఏ ఎక్సర్‌సైజ్ చేయాలో అంతా తెలుసు, ఇంట్లో మాత్రం చేయడం లేదు.